హైదరాబాద్‌లో కొత్తగా సంఘం బాధ్యత తీసుకున్న పాస్టర్ గారు వారం ఎలా నడపాలి

హైదరాబాద్‌లో ఒక సంఘానికి బదిలీ మీద వచ్చారు. సామాన్లు ఇంకా అట్టపెట్టెల్లోనే ఉన్నాయి. అప్పుడే నలుగురు పెద్దలు వచ్చి, పాత అయ్యగారు వాక్యం ఎంత బాగా చెప్పేవారో వివరించి, టీ తాగి వెళ్లారు. ఇక మీకు ఆదివారం ప్రసంగం గురించే టెన్షన్. అది సహజమే కానీ, ఈ ఊళ్లో పాస్టర్ పని తేలేది ఎక్కువగా మిగతా రోజుల్లోనే. ఎవరి ఇంట్లో ఏం జరుగుతోందో తెలియాలి, తెలిసిన వెంటనే వెళ్లగలిగేలా మన టైమ్ ఉండాలి. ఈ రెండూ కుదిరేలా వారాన్ని ఎలా అమర్చుకోవాలో రాస్తున్నాను. మీది సీఎస్‌ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) అయినా, బాప్టిస్టు అయినా, అద్దె హాల్లో నడిచే స్వతంత్ర సంఘమైనా పని దాదాపు ఒకటే.

మొదటి నెల: ఇంటికో పేజీ

సంఘం రిజిస్టర్ చూడండి, కానీ దాన్ని నమ్ముకోకండి. అందులో ఉన్నవాళ్లు చాలామంది ఇల్లు మారి ఉంటారు. కొందరి నంబర్లు మోగవు, ఇద్దరు ముగ్గురు ప్రభువునందు నిద్రించి ఏళ్లయి ఉంటుంది. ఒక లాంగ్ నోట్‌బుక్ కొని ఇంటికో పేజీ పెట్టుకోండి. ఇంట్లో ఎవరెవరు ఉన్నారు, ఎవరు ఎక్కడ పని చేస్తారు, ఏ షిఫ్టు, ఎవరికి షుగర్, ఎవరికి డయాలసిస్, అర్ధరాత్రి అవసరమైతే ఎవరికి ఫోన్ చేయాలి అన్నవి రాయండి. అడ్రస్ దగ్గర ఇంటి నంబరొకటే రాస్తే లాభం లేదు. హైదరాబాద్ ఇంటి నంబర్లు పట్టుకుని ఇల్లు వెతికినవాళ్లకు ఆ బాధ తెలుసు. ‘వాటర్ ట్యాంక్ వెనక గల్లీ, కిరాణా షాపు పైన’ అని రాసుకోండి.

షిఫ్టు అడగడం మర్చిపోవద్దు. మన సంఘాల్లో నర్సులు ఎక్కువ, సికింద్రాబాద్ వైపైతే రైల్వే వాళ్లు ఎక్కువ, మాదాపూర్, గచ్చిబౌలిలో రాత్రి పని చేసి పగలు పడుకునే పిల్లలు ఎక్కువ. నైట్ డ్యూటీ దిగి వచ్చిన నర్సమ్మ ఇంటి తలుపు ఉదయం 11 గంటలకు కొట్టారంటే, ఆవిడ మర్యాదకు లేచి కూర్చుంటుంది గానీ మీ ప్రార్థనలో సగం నిద్రలోనే గడిచిపోతుంది.

అదే పేజీలో ‘సొంత ఊరు, సొంత సంఘం’ అని ఇంకో గడి పెట్టండి. ఇది వినడానికి చిన్న విషయంలా ఉంటుంది. హైదరాబాద్‌లో ఒకే బెంచీ మీద గుంటూరు నుంచి వచ్చిన లూథరన్ కుటుంబం, ఒంగోలు వైపు బాప్టిస్టులు, మెదక్, డోర్నకల్ వైపు సీఎస్‌ఐ వాళ్లు, గోల్కొండ క్రాస్ రోడ్స్ హెబ్రోను సహవాసంలో పెరిగినవాళ్లు పక్కపక్కన కూర్చుంటారు. ఒకరింట్లో చంటిబిడ్డకు బాప్తిస్మం ఇప్పించకపోతే అమ్మమ్మ ఊరుకోదు. ఇంకొకరింట్లో వయసు వచ్చి, సాక్ష్యం చెప్పి, నీళ్లలో మునిగితేనే బాప్తిస్మం. ఎవరు ఎక్కడ నుంచి వచ్చారో తెలియకుండా ప్రసంగ వేదిక మీద ఒక మాట జారితే, సర్దడానికి నెలలు పడుతుంది. మీ సంఘం పద్ధతి ఏదో స్పష్టంగా చెప్పండి, అవతలి పద్ధతిని మాత్రం వెక్కిరించకండి. వేరే సంఘం నుంచి వచ్చి చేరతామన్నవాళ్లను బదిలీ ఉత్తరం అడగండి. అక్కడ గొడవపడి వచ్చారా, ఇల్లు మారి వచ్చారా అన్నది ఆ ఉత్తరం అడిగినప్పుడే తెలిసిపోతుంది.

రహస్యంగా చెప్పిన సంగతులు మాత్రం నోట్‌బుక్‌లో రాయొద్దు. ఆ పుస్తకం ఏదో ఒక రోజు ఎవరింట్లోనో మర్చిపోతారు.

ప్రసంగం బుధవారానికి ఒక రూపానికి రావాలి

శనివారం రాత్రి ప్రసంగం రాసుకునే అలవాటు ఉంటే ఇక్కడికి వచ్చాక మానుకోండి. శనివారం ఈ ఊళ్లో పెళ్లి ఉంటుంది, లేదా సమాధి కార్యక్రమం ఉంటుంది, లేదా క్వయర్ ప్రాక్టీసులో కీబోర్డు అబ్బాయికీ గిటార్ అబ్బాయికీ పడదు. అందుకే మంగళవారం ఉదయం వాక్యభాగం చదివి వదిలేయండి. బుధవారం ఉదయం రెండు గంటలు ఫోన్ పక్క గదిలో పెట్టి, ముఖ్యమైన మాట ఏంటో ఒక్క వాక్యంలో రాసుకోండి. ఆ వాక్యం రాయలేకపోతే ప్రసంగం ఇంకా తయారు కానట్టే. గురు, శుక్రవారాల్లో ఇళ్లకు వెళ్తారు కదా, అక్కడ విన్న కష్టాలు ఆ వాక్యానికి వాటంతట అవే అతుక్కుంటాయి. అయితే ఎవరి ఇంటి కథనూ గుర్తుపట్టేలా చెప్పొద్దు. పేరు తీసేస్తే చాలనుకుంటాం, ‘తార్నాకలో ఒక సోదరి’ అనగానే మొత్తం సంఘం ఒకేవైపు తిరిగి చూస్తుంది.

సీఎస్‌ఐ వాళ్లకు అల్మనాక్‌లో (సంఘం వార్షిక క్యాలెండర్‌లో) ప్రతి ఆదివారానికీ అంశం, పాఠాలు ఉంటాయి. దాన్ని పట్టుకుని వెళ్లడం మంచిది. లేకపోతే మనకు ఇష్టమైన నాలుగు భాగాల చుట్టూనే ఏడాదంతా తిరుగుతాం. స్వతంత్ర సంఘాల వాళ్లు బైబిల్లోని ఏదైనా ఒక పత్రికను (పౌలు ఉత్తరం లాంటిది) తీసుకుని వరుసగా చెప్పుకుంటూ వెళ్తే అదే లాభం.

ఇరవై అయిదు నిమిషాలు చాలు. గంట మాట్లాడగలగడం వరమే, గంట వినగలగడం కూడా వరమే, రెండోది అందరికీ ఉండదు. ఇంగ్లిష్ మీడియంలో చదివిన పిల్లలకు తెలుగు అర్థమవుతుంది గానీ చదవడం రాదు. పాటలు తెర మీద వేసేటప్పుడు కింద ఇంగ్లిష్ అక్షరాల్లో కూడా వేయిస్తే వాళ్లూ నోరు తెరిచి పాడతారు. పెద్దవాళ్లు మొదట సణుగుతారు, మనవడి గొంతు పక్కన వినపడ్డాక ఊరుకుంటారు.

ఇళ్లకు వెళ్లడం

ఇళ్ల సందర్శనకు వారంలో రెండు సాయంత్రాలు, ఒక మధ్యాహ్నం ఖాయంగా పెట్టుకోండి. పిలిచినవాళ్ల ఇంటికే వెళ్తే, పిలిచే అలవాటు ఉన్న కొన్ని ఇళ్లకే మళ్లీ మళ్లీ వెళ్తారు. పిలవని ఇళ్లలోనే ఎక్కువ అవసరం ఉంటుంది.

ఏరియాల వారీగా వెళ్లండి. ఒక రోజు మెట్టుగూడ, తార్నాక, హబ్సిగూడ. ఇంకో రోజు కూకట్‌పల్లి, మియాపూర్. కారులో ట్రాఫిక్‌లో ఇరుక్కోవడం కన్నా మెట్రో దిగి ఆటో ఎక్కడం నయం. ఆషాఢంలో లష్కర్ బోనాల రోజు సికింద్రాబాద్ లోపలికి, నిమజ్జనం రోజు ట్యాంక్‌బండ్ మీదుగా ఎక్కడికీ పెట్టుకోకండి. రంజాన్ నెల సాయంత్రాలు టోలిచౌకి, మెహదీపట్నం వైపు ఇఫ్తార్ వేళకు ముందే చేరుకోండి, లేదా తర్వాత బయల్దేరండి. పక్కింటివాళ్ల పండగ మన డైరీలో కూడా ఉండాలి.

వెళ్లేముందు ఫోన్ చేయండి. చెప్పకుండా వెళ్తే భక్తి పెరగదు, ఆ ఇంటి ఇల్లాలికి కంగారు పెరుగుతుంది. ఇంట్లో ఒంటరిగా ఉండే స్త్రీ దగ్గరకు వెళ్లేటప్పుడు అమ్మగారినో (అంటే మీ భార్యనో), స్త్రీల సమాజంలో పెద్దావిడనో వెంట తీసుకెళ్లండి. ఇందులో సడలింపు వద్దు.

ఇంట్లో అరగంట దాటొద్దు. కాసేపు వాళ్ల మాటలు వినడం, ఒక కీర్తన చదవడం, పేరుపేరునా ప్రార్థన చేయడం, అంతే. ఆ కీర్తనను మీరు కాకుండా ఇంట్లో పిల్లలతో చదివించండి. చెవిలో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని గది గుమ్మంలో నిలబడి ఉంటాడు పదో క్లాసు కుర్రాడు. ‘తెలుగు రాదు అయ్యగారూ’ అని వాళ్లమ్మే చెప్పేస్తుంది. ‘ఫోన్‌లో ఇంగ్లిష్‌లో చదువు నాన్నా, మేం వింటాం’ అనండి. చదివాక వాడు గుమ్మంలోకి వెనక్కి వెళ్లడు, అక్కడే చాప మీద కూర్చుంటాడు. ప్రార్థనలో మాత్రం వాడి మార్కుల సంగతి ఎత్తొద్దు. దేవుడికి చెబుతున్నట్టు పిల్లలకు క్లాసు పీకడం వాళ్లు ఇట్టే కనిపెడతారు.

టీ విషయం. నాలుగు ఇళ్లకు వెళ్తే నాలుగు టీలు, నాలుగు ప్లేట్ల మిక్చర్. మొహమాటానికి అన్నీ తాగి చాలామంది పాస్టర్లు షుగర్ తెచ్చుకున్నారు. మొదటి ఇంట్లో తీసుకుని, మిగతా ఇళ్లలో మంచినీళ్లు అడగండి. కానీ బాగా లేనివాళ్ల ఇంట్లో మీ కోసం పక్క షాపు నుంచి కూల్‌డ్రింక్ తెప్పిస్తే మాత్రం కాదనకండి. వెళ్లేటప్పుడు చేతిలో కవరు పెట్టబోతే, ‘ఆదివారం కానుక సంచిలో వేయండమ్మా’ అని చెప్పి వచ్చేయండి.

ఆసుపత్రికి

గాంధీ, ఉస్మానియా, నిమ్స్, లక్డీకపూల్ దగ్గరి ఎంఎన్‌జే కేన్సర్ ఆసుపత్రి. ఏడాదిలో వీటి మెట్లన్నీ ఎక్కుతారు. విజిటింగ్ అవర్స్ ముందే కనుక్కోండి. కాలర్ వేసుకున్నా, ఐడీ కార్డు ఉన్నా సెక్యూరిటీ వాళ్లతో వాదించొద్దు. అదే సెక్యూరిటీ అతను రేపు అర్ధరాత్రి మీకు తలుపు తీయాల్సిన మనిషి.

మంచం దగ్గర ఎలా ఉండాలో ఎవరూ నేర్పరు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. చేతులు శుభ్రం చేసుకుని వెళ్లండి. రోగికి కనపడేలా నిలబడండి, తల దగ్గర వెనకవైపు కాదు. కుర్చీ ఉంటే కూర్చోండి. నిలబడి మాట్లాడే మనిషి వెళ్లిపోయే తొందరలో ఉన్నట్టు కనిపిస్తాడు. మంచం మీద కూర్చోవద్దు, సెలైన్ పైపు కదులుతుంది. జబ్బు వివరాలు గుచ్చిగుచ్చి అడగొద్దు, పొద్దుట్నుంచి వచ్చిన ప్రతి చుట్టానికీ అదే కథ చెప్పి వాళ్లు అలసిపోయి ఉంటారు. ‘నొప్పి తగ్గిందా? రాత్రి నిద్ర పట్టిందా?’ అంటే చాలు. రెండు మూడు నిమిషాల ప్రార్థన, చిన్న గొంతుతో. పక్క మంచం మీద వేరే మతం వాళ్లు ఉండొచ్చు, వాళ్లకూ నొప్పే. చాలాసార్లు వాళ్లే ‘మాక్కూడా చేయండి సార్’ అని అడుగుతారు. అడిగితే చేయండి, అడక్కుండా చేయొద్దు.

తర్వాత బయటికి వచ్చి, వరండాలో కూర్చున్న రోగి తోడు మనిషితో ఇంకో పది నిమిషాలు ఉండండి. రోగికి మంచమైనా ఉంటుంది, తోడుగా వచ్చిన భార్యకు అదీ ఉండదు. ఆవిడ తిన్నదా లేదా, ఇంటి దగ్గర పిల్లల్ని ఎవరు చూస్తున్నారు, ఆరోగ్యశ్రీ కాగితాలు కుదిరాయా అని అడగండి. ఎంఎన్‌జే బయట జిల్లాల నుంచి వచ్చి రోజుల తరబడి చెట్ల కింద ఉండేవాళ్లను చూస్తే ఈ ప్రశ్నలు ఎందుకో తెలుస్తుంది. యూత్‌లో ఇద్దరు బైకు మీద వెళ్లి రాత్రి భోజనం ఇచ్చి వచ్చినా అది ఆ కుటుంబానికి ఏళ్లపాటు గుర్తుంటుంది.

ఒక్కటి గట్టిగా చెబుతున్నాను. ప్రార్థన చేశాం కాబట్టి మందులు ఆపేయమని ఎప్పుడూ, ఎవరికీ చెప్పొద్దు. ఫిట్స్ మాత్రలు, ఇన్సులిన్, మానసిక వ్యాధి మందులు ఆపేస్తే మనిషి ప్రాణం మీదికి వస్తుంది.

చావు కబురు వచ్చినప్పుడు

రాత్రి రెండు గంటలకు ఫోన్ మోగుతుంది. అవతల ఏడుపే వినిపిస్తుంది. మూడు విషయాలు నెమ్మదిగా అడగండి: ఎవరు, ఇప్పుడు ఎక్కడ ఉన్నారు, డాక్టరు చూశారా. ఇంట్లో పోతే డాక్టరును పిలిపించి నిర్ధారణ కాగితం రాయించాలి. సమాధుల తోటలో, మున్సిపల్ ఆఫీసులో ముందు అడిగేది దాన్నే. తెల్లారే దాకా ఆగకుండా వెళ్లగలిగితే వెళ్లండి. ప్రసంగాలు మర్చిపోతారు గానీ, ఆ రాత్రి ఎవరు వచ్చారో ఏ కుటుంబమూ మర్చిపోదు.

వెళ్లగానే చిన్న ప్రార్థన చేసి పక్కన కూర్చోండి. ‘దేవుని చిత్తం’ అన్న మాట ఆ గంటలో వద్దు. అది నిజమైనా సరే, కొడుకును పోగొట్టుకున్న తల్లికి రాయి విసిరినట్టు తగులుతుంది. టైమ్ గురించి మీరు తొందరపడి మాట్లాడొద్దు. పెద్ద కొడుకు అమెరికా నుంచి రావాలంటారు, ఖమ్మం నుంచి చుట్టాలు బయల్దేరారంటారు, బాబాయి మాత్రం సాయంత్రానికే అయిపోవాలంటాడు. ఇంటివాళ్లలో నిర్ణయం ఎవరిదో చూసి, ఆ ఒక్కరినే పక్కకు పిలిచి తేల్చుకోండి. ప్రమాదం, ఆత్మహత్య, అనుమానం ఉన్న కేసయితే పోలీసులు, పోస్టుమార్టం తప్పవు. మార్చురీ నుంచి శరీరం చేతికి వచ్చేదాకా సమాధి టైమ్ వాట్సాప్‌లో పెట్టనివ్వకండి.

ఆ తర్వాత సమాధుల తోట. నారాయణగూడ, భోయిగూడ లాంటి పాత తోటల్లో కొత్త చోటు దొరకడం చాలా కష్టం. ఎక్కువగా అమ్మదో నాన్నదో పాత సమాధిని తెరిచి అందులోనే ఉంచుతారు. దానికి పాత రసీదో, తోట రిజిస్టర్‌లో నంబరో కావాలి. ఆ కాగితం ఏ ట్రంకు పెట్టెలో ఉందో పోయినవాళ్లకే తెలిసి ఉంటుంది! అందుకే ఇంటి పేజీలో ‘కుటుంబ సమాధి ఎక్కడ’ అని ముందే రాసుకోవాలి. మామూలు రోజున అడిగితే ముసలివాళ్లు ఏమీ అనుకోరు, ఉత్సాహంగానే చెబుతారు. డాక్టరు కాగితం, ఆధార్, సంఘం ఉత్తరం పట్టుకుని పెద్దల్లో ఇద్దరిని పొద్దున్నే తోటకు పంపండి. తవ్వేవాళ్లకు టైమ్ కావాలి, వానాకాలంలో ఇంకా ఎక్కువ కావాలి. పెట్టె చేసేవాళ్లు ఎత్తు అడుగుతారు, ఆ ప్రశ్న భార్య ముందు కాకుండా చూసుకోండి.

అపార్ట్‌మెంట్లలో ఇంకో ఇబ్బంది ఉంది. పెట్టె లిఫ్టులో పట్టదు. అయిదో అంతస్తు నుంచి మెట్ల మలుపుల్లో పెట్టెను తిప్పడం ఎంత కష్టమో ఒకసారి మోసినవాళ్లకు తెలుస్తుంది. అందుకని ఫ్రీజర్ బాక్సును మొదటి నుంచీ సెల్లార్‌లోనే పెట్టించండి. ముందు అసోసియేషన్ ప్రెసిడెంటుకు ఫోన్ చేసి, వాచ్‌మన్‌తో బైకులు, కార్లు తీయించి, కుర్చీలు వేయించండి. ప్లగ్ పాయింటు ఎక్కడుందో చూసుకోండి. సెల్లార్‌లో గొంతు మారుమోగుతుంది, మైకు సౌండ్ బాగా తగ్గించాలి. పై ఫ్లాట్లవాళ్లు ఆఫీసులకు వెళ్తూ ఒక్క నిమిషం చెప్పులు విడిచి నిలబడి దండం పెట్టి వెళ్తారు. వాళ్లకు దారి వదిలేలా కుర్చీలు వేయిస్తే చాలు.

సమాధి దగ్గర ప్రసంగం అయిదు నిమిషాలు మించొద్దు. వచ్చినవాళ్లలో చాలామందికి మన పద్ధతి తెలియదు. ఎప్పుడు లేవాలి, ఎప్పుడు పిడికెడు మట్టి వేయాలి అన్నది ముందే తేలిక మాటల్లో చెప్పండి. హిందూ బంధువులు పసుపు, కుంకుమ, పూలు తెస్తారు. వాళ్ల దుఃఖం వాళ్ల చేతుల్లో అలా కనిపిస్తుంది. మీ సంఘం నియమం ఏదైనా ఉంటే ఇంటి పెద్దతో ముందే మాట్లాడి పెట్టుకోవాలి గానీ, గొయ్యి దగ్గర ఎవరినీ ఆపి మందలించకూడదు. ఏడుస్తున్న జనాన్ని చూసి మారుమనస్సు ప్రసంగం ఎత్తుకునేవాళ్లు ఉన్నారు. నాకు అది నచ్చదు.

సమాధి రిజిస్టర్‌లో ఆ రోజే రాయండి. మరణ నమోదు 21 రోజుల్లోపు చేయించుకోమని కుటుంబానికి గుర్తు చేయండి. ఆసుపత్రిలో పోతే ఆసుపత్రివాళ్లే సమాచారం పంపుతారు, ఇంట్లో పోతే ఇంటివాళ్లే చూసుకోవాలి. పింఛను, బ్యాంకు, ఇన్సూరెన్స్ అన్నీ ఆ సర్టిఫికెట్‌తోనే ముడిపడి ఉంటాయి. ఆదరణ కూటం (ఇంటివాళ్లను ఓదార్చే ప్రార్థన) అయిపోయాక అందరూ వెళ్లిపోతారు. నిజమైన అవసరం మూడో వారంలో మొదలవుతుంది. ఆ తేదీని డైరీలో ఇప్పుడే రాసుకోండి.

పెళ్లి: ముందు కాగితాలు, తర్వాతే పూలు

పెళ్లి చేయడానికి మీకు అధికారం ఉందో లేదో మొదట చూసుకోండి. 1872 నాటి ఇండియన్ క్రిస్టియన్ మ్యారేజ్ యాక్ట్ ఇప్పటికీ నడుస్తోంది. బిషప్పుల చేత అభిషేకం పొందిన గురువులు తమ సంఘ నియమాల ప్రకారం పెళ్లి చేయొచ్చు. స్వతంత్ర సంఘాల పాస్టర్లకైతే ప్రభుత్వం ఇచ్చే లైసెన్సు ఉండాలి. అధికారం లేకుండా పెళ్లి చేస్తే ఆ చట్టంలోని 68వ సెక్షన్ ప్రకారం పదేళ్ల దాకా జైలు ఉంది. ‘ఇన్నేళ్లుగా చేస్తున్నాను, ఎవరూ అడగలేదు’ అనేవాళ్లను చూసి మోసపోకండి. వీసా ఇంటర్వ్యూలో ఆ సర్టిఫికెట్ చెల్లకపోతే అడిగేది మిమ్మల్నే.

అబ్బాయికి 21, అమ్మాయికి 18 నిండాలి. టెన్త్ మెమో తీసుకుని చూడండి. మూడు ఆదివారాలు ప్రకటన చదవడం మన సంఘాల్లో ఆనవాయితీ. వధువు వేరే సంఘం అయితే అక్కడి పాస్టర్ దగ్గర నుంచి కూడా అభ్యంతరం లేదన్న ఉత్తరం తెప్పించండి. ఇద్దరిలో ఒకరే క్రైస్తవులైతే చట్టం కాదనదు గానీ, మీ సంఘం నియమం కాదనొచ్చు. అప్పుడు ఆ జంటను తిట్టి పంపకుండా, స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ కింద 30 రోజుల నోటీసుతో పెళ్లి చేసుకునే దారి ఉందని చెప్పండి.

పేర్లు చాలా జాగ్రత్త. మన వాళ్లకు ఇంటిపేరు ఆధార్‌లో పొడి అక్షరం, పాస్‌పోర్టులో పూర్తిగా, మెమోలో అసలు లేకుండా ఉంటుంది. పాస్‌పోర్టులో ఎలా ఉందో అలాగే రిజిస్టర్‌లో రాయండి. రాసేముందు ఆ ఇద్దరికీ తెల్లకాగితం మీద చూపించి, ‘ఇదేనా మీ స్పెల్లింగ్’ అని సంతకం పెట్టించుకోండి. పెళ్లిరోజు రిజిస్టర్‌లో దిద్దుళ్లు రాకూడదు.

చట్టం ప్రకారం పెళ్లి ఉదయం 6 నుంచి సాయంత్రం 7 లోపు జరగాలి. కొన్ని పాత సంఘాలకు ప్రత్యేక అనుమతితో మినహాయింపు ఉంది, మిగతావాళ్లకు లేదు. మనకు ముహూర్తం గొడవ లేకపోయినా మేకప్ గొడవ ఉంది. ఆరింటికి పెళ్లంటే పెళ్లికూతురు పార్లర్ నుంచి ఏడుంపావుకు దిగుతుంది, ఫొటోగ్రాఫర్ మళ్లీ గుమ్మం దగ్గర నుంచి నడిపిస్తాడు. అందుకే నాలుగున్నర అని కార్డులో వేయించండి. సాక్షులు ఇద్దరినీ ముందే ముందు బెంచీలో కూర్చోబెట్టండి, సంతకాల వేళకు వాళ్లు భోజనాల దగ్గర దొరక్కూడదు.

మాట్లాడాలని వచ్చేవాళ్లు

ఆఫీసు గది తలుపుకు అద్దం పెట్టించండి, లేదా తలుపు తెరిచి ఉంచండి. చాలామందికి కావలసింది వినే మనిషి మాత్రమే. కానీ కొన్ని విషయాలు ప్రార్థనతో ముగించి పంపేవి కావు. నిద్రలేక, బతకాలని లేదని చెబితే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 అక్కడికక్కడే మోగించి ఇవ్వండి, ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి తోడు వెళ్లండి. భర్త కొడుతున్నాడని వచ్చిన చెల్లెమ్మను ‘సహించమ్మా’ అని వెనక్కి పంపొద్దు. మహిళా హెల్ప్‌లైన్ 181 ఉంది, పోలీసుల షీ టీమ్స్ ఉన్నాయి. ముందు ఆ రాత్రి ఆమె ఎక్కడ పడుకుంటుందో తేల్చండి. పిల్లల మీద లైంగిక దాడి సంగతి మీ చెవిన పడితే సంఘం పరువు అని దాచడానికి వీల్లేదు. పోక్సో చట్టం కింద తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి. సండే స్కూల్, విబిఎస్ (సెలవుల బైబిల్ స్కూల్) టీచర్లందరికీ ఇది ఏడాదికోసారి చెప్పండి.

ఆదివారం, పండగలు

ఆదివారం మీరు గంట ముందే గుడిలో ఉండాలి. మైకు, రొట్టె, ద్రాక్షరసం, పాటల వరుస చూసుకున్నాక గుమ్మం దగ్గరకు వచ్చేయండి. ఆరాధన అయ్యాక వందనాలు చెప్పుకునేటప్పుడు ఎవరు రాలేదో చూడండి. సాయంత్రం వాళ్లకు ఒక్క ఫోన్, ‘ఎందుకు రాలేదు’ అని కాదు, ‘ఒంట్లో బాగుందా’ అని.

పార్కింగ్ మీద ఒక యూత్ కుర్రాణ్ణి పెట్టండి. పక్కింటి గేటుకు అడ్డంగా పెట్టిన ఒక్క స్కూటీ చాలు, ఆ వీధంతా మన మీద కోపంగా ఉండటానికి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. ఆసుపత్రి, స్కూలు, కోర్టు చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద మండలం. డిసెంబర్ 31 రాత్రి ఆరాధనకు బయటి స్పీకర్లు ఆపి, తలుపులు మూసి, లోపలి బాక్సులతోనే నడపండి. క్రిస్మస్ పాటలు పాడుతూ ఇళ్లకు తిరిగే కేరల్ రౌండ్లకు ముందే రూట్ రాసి, అపార్ట్‌మెంట్లకు చివర్లో కాకుండా ముందు వెళ్లండి. డిసెంబర్‌లో మీ గొంతు పోతుంది, ఎప్పుడూ పోయేదే. ఈస్టర్ ముందు వచ్చే శ్రమకాలంలో మళ్లీ పోతుంది.

డబ్బు

కానుకలు మీరు లెక్కపెట్టొద్దు. ఇద్దరు లెక్కపెట్టాలి, ఇద్దరూ సంతకం పెట్టాలి, సోమవారమే బ్యాంకులో పడాలి. క్యూఆర్ కోడ్ సంఘం ఖాతాదై ఉండాలి, మీ సొంత నంబరుది ఎట్టి పరిస్థితిలోనూ కాదు. విదేశాల్లో ఉన్న మన పిల్లలు గుడి రూఫ్ కోసం పంపుతామంటారు. భారతీయ పాస్‌పోర్టు ఉన్నవాళ్లు తమ సొంత డబ్బును బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందకు రాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లు పంపితే వస్తుంది, దానికి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ కావాలి, ఢిల్లీ స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచిలో ఖాతా కావాలి. అవి లేకపోతే ప్రేమగా వద్దని చెప్పండి.

సోమవారం

సోమవారం సెలవు పెట్టుకోండి. కూరగాయలు తెచ్చుకోవడం, పిల్లల స్కూలు ఫీజు, అమ్మగారితో బయటికి వెళ్లి ఇడ్లీ తినడం లాంటివన్నీ ఆ రోజే. సంఘం ఫోన్‌ను ఆ రోజు కార్యదర్శికి ఇచ్చేయండి. చావు కబురు, ఆసుపత్రి ఎమర్జెన్సీ అయితేనే మీకు చేయాలని చెప్పండి. మొదట్లో కొందరు ఇంటికే వచ్చేస్తారు. గుమ్మం దగ్గరే నవ్వుతూ మాట్లాడి పంపండి. బాప్తిస్మ సర్టిఫికెట్ కావలసినవాళ్లు మంగళవారం పదింటికి ఆఫీసుకు రావచ్చు.